పత్తి విత్తనము - క్రోమోసోముల లెక్క
(కాస్తకారుల యుపయోగార్థము)

నల్లరేగడి భూములలో పత్తి వేయు కాస్తకారులు విత్తనమును గూర్చి తఱచుగా రెండు ప్రశ్నలు వేయుచుందురు. ప్రక్క చేనిలో అమెరికా పత్తి యున్నచో తమ దేశవాళి పత్తి విత్తనము చెడునా యనునది మొదటిది. గత సంవత్సరము సంచి కొని వేసిన హైబ్రిడ్ పత్తి గింజనే దాచి మరల వేసినచో ఏమి నష్టమనునది రెండవది. మొదటి దానికి "తప్పక చెడు"ననియు, రెండవ దానికి "గింజ గింజయే, నష్టమేమియు లే"దనియు గ్రామములలో చెప్పుకొందురు. ఈ రెండు సమాధానములును సరియైనవి గావు. ఏల కావో తెలియవలెనన్నచో పత్తి మొక్కలోని యొక లెక్కను తెలిసికొనవలెను. ఆ లెక్క కఠినమైనది కాదు. దుకాణపు పద్దు చూచుకొనగల వానికి సులభముగా బోధపడును.

చెట్టు గాని పశువు గాని మనుష్యుడు గాని కంటికి కనబడని చిన్న చిన్న కణములతో నిర్మింపబడిన వారే. ఒక్కొక్క కణము నడుమ కేంద్రకమను గుండ్రని భాగము గలదు. మొలకెత్తిన గింజ యొక్క వేరుమొనను గోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూచినచో, విభాగము చెందుచున్న కణములలో ఆ కేంద్రకమునందు పొట్టి దారపు తునకల వంటివి కానవచ్చును. వీనినే క్రోమోసోములందురు. రంగును చక్కగా పీల్చుకొనుటచేత జర్మను పండితుడు వాల్డేయర్ 1888 లో వీనికి ఆ పేరు పెట్టెను. కాయ పరిమాణము, పింజ పొడవు, ఆకుమీది నూగు, పూవు రంగు మున్నగు గుణములను నిర్ణయించు జన్యువులు ఈ తునకలమీద వరుసగా నుండును.

పూర్వము పట్వారి యొద్ద గ్రామ దఫ్తరము ఉండెడిది గదా. క్రోమోసోములను అట్టి దఫ్తరములోని పుస్తకములుగా భావింపవచ్చును. జన్యువులు ఆ పుస్తకములలోని పద్దులు. అయితే జీవుల దఫ్తరములో ప్రతి పుస్తకమునకును రెండు ప్రతులుండును. ఒకటి తండ్రి నుండి వచ్చినది, రెండవది తల్లి నుండి వచ్చినది. పుప్పొడి గాని అండము గాని తయారగునపుడు, రెండు ప్రతులును ముందుగా ప్రక్క ప్రక్కన జతగా నిలిచి, ఆ పిమ్మట ఒకటి ఇటును ఒకటి అటును విడిపోవును. అందువలన పుప్పొడి రేణువునకు సగము లెక్క, అండమునకు సగము లెక్క చేరును. రెండును గలిసి గింజ యైనపుడు పూర్తి లెక్క మరల వచ్చును. జత కుదురుట యన్నది ఇందులో ముఖ్యమైన మాట. జత కుదురని చోట పంపకము చెడును, పంపకము చెడిన చోట గింజ పుట్టదు. క్రింద చెప్పబోవు సంగతులన్నియు దీనినుండియే వచ్చును.

ఒక్కొక్క జాతికి క్రోమోసోముల లెక్క స్థిరముగా నుండును. వరికి 24, జొన్నకు 20, సజ్జకు 14, కందికి 22, సెనగకు 16, వేరుసెనగకు 40, రొట్టెలకు వాడు గోధుమకు 42. ఆవునకు 60, మన గేదెకు 50, గొఱ్ఱెకు 54, మేకకు 60. మనుష్యునికి 46. ఇవి సన్నముగా, గుంపుగా నుండుటచే లెక్కించుట సులభము గాదు. మనుష్యునికి 48 అని పండితులు చాల కాలము నమ్మిరి. 1956 లో స్వీడను దేశమున త్జియో, లెవాన్ అను నిరువురు చక్కగా లెక్కించి 46 అని తేల్చిరి. లెక్క యెక్కువైన జీవి గొప్పదనియు, తక్కువైనది హీనమనియు తలపరాదు. ఆవునకును మేకకును లెక్క యొక్కటే. అట్లే వరికి, మిరపకు, వంగకు, టమాటాకు అన్నింటికిని 24. లెక్క సమమైనంత మాత్రమున వరిని మిరపతో కలుపుట సాధ్యము గాదు. ఏలయనగా పుస్తకముల సంఖ్య సమమైనను అందలి పద్దులు వేఱు. లెక్కయు, పద్దుల వరుసయు రెండును కలియవలెను.

ఇక పత్తి సంగతి. మన దేశమున సాగగు పత్తులు రెండు తెగలవి. దేశవాళి పత్తులకు క్రోమోసోములు 26, అనగా 13 జతలు. నాందేడు, ఆదిలాబాదు ప్రాంతములలో పూర్వము విస్తారముగా పండించిన గావొరాణి పత్తియు, రాయలసీమలోని ముంగారి పత్తియు, కాకినాడ రేవు పేరుతో ప్రసిద్ధమైన కోకనాడ పత్తియు, పొందూరు సన్న ఖద్దరునకు వాడు కొండపత్తియు ఈ తెగలోనివే. అమెరికా పత్తికిని, ఈజిప్టు పత్తి తెగకును 52, అనగా 26 జతలు. ఇప్పుడు అంగట దొరకు హైబ్రిడ్ పత్తి సంచులలో చాల భాగము ఈ 52 లెక్క గల తెగలోనిదే.

సూక్ష్మదర్శిని లేకయే కాస్తకారుడు ఈ రెండింటిని చేనిలో గుర్తుపట్టగలడు. దేశవాళి పత్తి ఆకు లోతుగా చీలి వ్రేళ్లవలె సన్నముగా నుండును, పూవు తఱచుగా పసుపుపచ్చగా నుండి అడుగున ఎఱ్ఱని మచ్చ గలిగి యుండును, కాయ చిన్నదై మొన తేలి నేలవైపు వంగును. అమెరికా పత్తి ఆకు వెడల్పు, చీలిక లోతు తక్కువ. పూవు మీగడ రంగు. కాయ పెద్దది. కాయ చుట్టునుండు పచ్చని రేకులు అమెరికా పత్తిలో అంచున దువ్వెన పండ్లవలె లోతుగా చీలియుండును. దేశవాళిలో అంచు దాదాపు నున్నగా నుండును లేదా కొలది పండ్లు మాత్రమే యుండును. చేనిలో కలుపు చెట్లను గుర్తించుటకు ఈ రేకు మిక్కిలి నమ్మదగిన గుర్తు.

ఈ రెండు తెగలు కలిసినచో ఏమగును? దీనికి కంచరగాడిద మంచి దృష్టాంతము. గుఱ్ఱమునకు 64 క్రోమోసోములు, గాడిదకు 62. గుఱ్ఱము నుండి 32, గాడిద నుండి 31 చేరి కంచరగాడిదకు 63 అగును. అది బరువు మోయుటలో తల్లిదండ్రులకు తీసిపోదు, రోగమునకును ఓర్చుకొనును. కాని దానికి సంతానము కలుగుట బహు అరుదు. బేసి లెక్కకు జత కుదురదు గదా. అట్లే దేశవాళి పత్తి నుండి 13, అమెరికా పత్తి నుండి 26 చేరిన సంకరపు మొక్కకు 39 వచ్చును. ఇట్టి గింజ కట్టుటయే అరుదు. తఱచుగా పిందె రాలిపోవును. ఎట్లో మొలచినను, మొక్క ఏపుగా పెరిగి పూయును గాని కాయదు.

ఈ 39 ని పరిశీలించుట వలననే పత్తి యొక్క పూర్వ చరిత్ర బయటపడినది. స్కోవ్‌స్టెడ్ అను పండితుడు ఇట్టి సంకరపు మొక్క పుప్పొడి తయారగు దశను చూచి, అందు 13 జతలు కుదిరి, 13 ఒంటిగా మిగులుచున్నవని కనుగొనెను. ఒంటిగా మిగిలినవి పరిమాణమున చిన్నవి. దేశవాళి పత్తి యొక్క 13 పెద్ద క్రోమోసోములకు అమెరికా పత్తిలో 13 తోడు దొరకినవి. చిన్నవైన తక్కిన 13 ఎవ్వరివి? అవి అమెరికా ఖండమునందలి అడవిపత్తులవని 1934 లో ఆయన తెలిపెను. అనగా అమెరికా పత్తి యొక కుటుంబము గాదు, రెండు కుటుంబములు ఒకే యింట కాపురమున్న చందము. మన దేశవాళి పత్తికి దాయాది యైన ప్రాచీన పత్తి యొకటి పది, ఇరువది లక్షల సంవత్సరముల క్రిందట అమెరికా ఖండమున అడవిపత్తితో కలిసి, లెక్క రెట్టింపై, 52 గల పత్తి పుట్టినదని ఇప్పటి పండితుల నిర్ణయము. మనుష్యుడు నూలు వడకుట నేర్చుటకు ఎంతయో పూర్వపు మాట యిది.

దీనికి ప్రత్యక్ష నిదర్శనమును అమెరికాలోని బీస్లీ 1940 లో చూపెను. ఆయన ఆసియా పత్తిని అమెరికా అడవిపత్తితో కలిపి, గొడ్డుపోయిన ఆ సంకరపు మొక్కకు కొల్చిసిన్ అను మందు పట్టించెను. యునానీ హకీములు కీళ్లనొప్పులకిచ్చు సురంజాన్ దుంప జాతినుండి తీయబడు విషమే యిది. విభాగము చెందు కణములో క్రోమోసోములు రెండువైపులకు విడిపోకుండ ఇది అడ్డగించును; కావున ఒక్కటే కణములో లెక్క రెట్టింపగును. 26 యొంటి క్రోమోసోములు 52 కాగా ప్రతిదానికిని జత దొరకెను, గొడ్డుమొక్క ఫలించెను, అమెరికా పత్తితోను కలిసెను. కాస్తకారులు ఈ మందును చేనిలో ప్రయత్నింపరాదు. ఇది ప్రాణాంతకమైన విషము, పరిశోధనశాలల పని. అయినను దేశవాళి పత్తిలోని ఓర్పును అమెరికా పత్తిలోనికి తెచ్చుటకు పండితులు నడచు త్రోవ యిదే యని తెలిసియుండుట మంచిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము తెల్లమగును. ప్రక్క చేనిలోని అమెరికా పత్తి, అది బీటీ హైబ్రిడ్ అయినను సరియే, దేశవాళి పత్తి విత్తనమును చెఱుపజాలదు. తేనెటీగలు దాని పుప్పొడిని మోసికొనివచ్చినను, 13 కును 26 కును పొత్తు కుదురదు. దేశవాళి విత్తనమును చెఱుపునది మఱియొక దేశవాళి పత్తియే. ముంగారి చేని ప్రక్కన వేఱు రకపు దేశవాళి చేను ఉన్నచో ఆ రెండును కలియును. పింజ పొడవు ఒక కాయకు ఒకటిగా మాఱిపోవును. అట్లే అమెరికా పత్తిలో విత్తనమునకై యుంచుకొనిన సూటి రకమును అమెరికా పత్తి హైబ్రిడ్ చేను చెఱుపును. అన్యజాతిని జూచి భయపడి స్వజాతిని నమ్మి మోసపోవుట చాల గ్రామములలో జరుగుచున్నది. అంతకంటె హెచ్చుగా విత్తనము చెడునది జిన్నింగు మిల్లులో. ఒకరి పత్తి తరువాత ఒకరి పత్తి ఒకే యంత్రములో పడుటచే గింజలు కలియును. ఆ కల్తీకి తేనెటీగల దోషమేమియు లేదు.

రెండవ ప్రశ్నకు కొంత వివరము కావలయును. పత్తిలో వ్యాపారమునకై వేయు హైబ్రిడ్ మొట్టమొదట మన దేశముననే పుట్టినది. సూరతు పరిశోధన క్షేత్రమున సి. టి. పటేల్ తయారుచేసిన హైబ్రిడ్-4 1970 లో విడుదల యయ్యెను. 1972 లో ధార్వాడలో కటార్కి వరలక్ష్మి యను హైబ్రిడ్‌ను తెచ్చెను. మొదటిది అమెరికా పత్తిలోనే రెండు రకముల సంకరము. రెండవది అమెరికా పత్తికిని ఈజిప్టు తెగకును సంకరము. ఇరుప్రక్కల లెక్క 52 అగుటచేతను, పద్దుల వరుస చాల వఱకు కలియుటచేతను ఈ సంకరములు గొడ్డుపోవు. కావున హైబ్రిడ్ గింజ మొలవదను మాట సరిగాదు. మొలచును, పూయును, కాయును. చిక్కు వేఱొక చోట నున్నది.

హైబ్రిడ్ విత్తనము తయారగు విధము గద్వాల ప్రాంతపు కాస్తకారులకు బాగుగా తెలియును. మధ్యాహ్నము తరువాత మఱునాడు విరియబోవు మొగ్గలను గుర్తించి, వానిలోని పుప్పొడి తిత్తులను గోటితో తీసివేయుదురు. మఱునాటి యుదయమున తండ్రిరకపు పూవును తెచ్చి దాని పుప్పొడిని అద్దుదురు. ఒక్కొక్క పూవునకు ఇట్లు చేయవలసి యుండుటచే సంచి వెల హెచ్చు. ఈ గింజలన్నింటికిని తల్లి నుండి ఒకే విధమైన 26, తండ్రి నుండి ఒకే విధమైన 26 వచ్చును గనుక చేనంతయు అచ్చు వేసినట్లు సమముగా నుండును. కాని ఆ చేనిలోని మొక్కలు తమ పుప్పొడిని, అండములను తయారుచేయునపుడు 26 జతలును విడిపోవును. ప్రతి జతలోను తల్లి ప్రతి వచ్చునో తండ్రి ప్రతి వచ్చునో చీటీ వేసినట్లే. 26 జతలకు ఇట్లు చీటీలు వేసినచో ఏర్పడగల పుప్పొడి విధములు 6,71,08,864. జతలు ప్రక్క ప్రక్కన నిలిచినపుడు తమలో తాము తునకలు మార్చుకొనుట కూడ గలదు గనుక నిజమునకు విధములు ఇంకను ఎక్కువ. అట్టి గింజను దాచి వేసిన చేనిలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకటి ముందు పగులును, ఒకటి కడపట పగులును. పింజ ఒకటి పొడవు, ఒకటి పొట్టి. సంకరము వలన వచ్చిన బలము కూడ తగ్గును. విత్తనపు ఖర్చులో మిగిలినది దిగుబడిలోను ధరలోను పోవును.

బీటీ పత్తి విషయమున ఈ నష్టము మఱింత స్పష్టము. కాయతొలుచు పురుగును చంపు విషమును మొక్కయే తయారుచేసికొనునట్లు, ఒక సూక్ష్మజీవి జన్యువును అమెరికా పత్తి క్రోమోసోములో నిలిపిరి. అట్టి హైబ్రిడ్లకు మన దేశమున 2002 లో అనుమతి లభించెను. 2006 లో రెండు జన్యువులు గల రకములు వచ్చెను. బీటీ జన్యువు తల్లిదండ్రులలో ఒకరి యొద్దనే యున్నచో, హైబ్రిడ్ మొక్కలో ఆ జత యొక్క ఒక ప్రతిమీదనే అది యుండును, రెండవ ప్రతిమీద ఉండదు. అట్టి మొక్క గింజలను దాచి వేసినచో, ఒక జన్యువు గల రకములో నూటికి 25 మొక్కలకు బీటీ యుండదు. రెండు జన్యువులు వేర్వేఱు క్రోమోసోములమీద నున్న రకములో, 16 మొక్కలకు 9 మాత్రమే రెండింటిని పొందును. 6 మొక్కలకు ఒక్కటే వచ్చును. ఒక మొక్కకు ఏదియు రాదు. చేనంతయు బీటీ యని నమ్మి పురుగును చూచుకొనకుండిన కాస్తకారుడు, పురుగు కాయలోనికి పోయిన పిమ్మట గాని మేలుకొనడు.

ఒక్క సంగతి చెప్పవలసియున్నది. హైబ్రిడ్ చేనిలో మొదటి సంవత్సరముననే, కాయలోపలి గింజలు ఈ విధముగా విడిపోయి యుండును. గులాబిరంగు పురుగు గింజనే తినును. ఒకే కాయలో విషము గల గింజయు, లేని గింజయు దొరకుటచే పురుగు కొంచెము కొంచెముగా విషమునకు అలవాటుపడుటకు వీలు కలిగినదని పలువురు పండితుల యభిప్రాయము. గుజరాతులో ఒక జన్యువు గల బీటీ పత్తిని ఈ పురుగు లెక్కచేయుట లేదని 2010 లో వెల్లడి యయ్యెను. తరువాతి సంవత్సరములలో రెండు జన్యువుల పత్తిని గూడ జయించినది. కావున కొన్న విత్తనమైనను బీటీని నమ్మి నిద్రింపరాదు. గుడ్డిపూలను, అనగా రేకులు విప్పుకొనక ముడుచుకొనియున్న పూలను ఏరివేయవలెను. కడపటి ఏరుడు కాగానే మోళ్లను పీకి చేను శుభ్రము చేయవలెను. వేసవి వఱకు నీరు పెట్టి చేనును పొడిగించుట పురుగునకు ఆశ్రయమిచ్చుటయే యగును.

విత్తనము స్వంతముగా దాచుకొన దలచిన వారు హైబ్రిడ్ గాక సూటి రకమును ఎన్నుకొనవలెను. దేశవాళి సూటి రకములలో జతలోని రెండు ప్రతులును ఇంచుమించు ఒకటే గనుక, చీటీ ఏది వచ్చినను ఫలమొక్కటే. దేశవాళి పత్తి వర్షాభావమునకు ఓర్చును, పచ్చదోమ మున్నగు రసము పీల్చు పురుగుల బాధ దానికి తక్కువ, ఎరువుల ఖర్చును తక్కువ. కాని దాని కాయ చిన్నది, చాల రకముల పింజ పొట్టి, ఏరుటకు కూలి హెచ్చు, కొనువారు అన్ని చోట్ల దొరకరు. ఈ లోపములను దాచి దేశవాళినే వేయుడని చెప్పుట న్యాయము గాదు. నీటి వసతి గల లోతు రేగడిలో హైబ్రిడ్ లాభించును. వర్షాధారపు తేలిక నేలలలో అప్పు చేసి సంచి కొనుటకంటె దేశవాళి మేలు కావచ్చును. అంగడి దూరము, కూలి రేటు చూచికొని వేయవలెను.

సూటి రకపు విత్తనము దాచు పద్ధతి యిది. విత్తనమునకై చేని నడుమ కొంత భాగమును ప్రత్యేకింపవలెను; అదే తెగకు చెందిన వేఱు రకపు పత్తి కనీసము 50 మీటర్ల దూరములో ఉండరాదు. పూతకు ముందే ఆకు, కాండము, నూగు చూచి తేడాగా నున్న మొక్కలను పీకివేయవలెను. పూత వచ్చిన పిమ్మట రంగును, కాయ వచ్చిన పిమ్మట దాని ఆకారమును చూచి మరల ఏరవలెను. మొదటి ఏరుడును కడపటి ఏరుడును వదలి, నడుమ ఏరుడులలో బాగుగా పగిలిన కాయల పత్తిని మాత్రమే విత్తనమునకు తీయవలెను. వానలో తడిసినది పనికిరాదు. ఎకరము రెండెకరములకు చాలు గింజను ఇంటివద్దనే చేతితో తీసికొనుట మేలు. మిల్లునకు పంపినచో, యంత్రమును శుభ్రము చేయించి, మొదట పడిన కొంత గింజను విత్తనమునకు గాక గానుగకు వేయవలెను. గింజను ఎండబెట్టి, పురుగు తొలిచినవి, తప్పలు ఏరివేసి, గోనెసంచిలో పోసి తేమ తగులకుండ బల్లమీద నుంచవలెను. రకము పేరు వ్రాసిన చీటీ ఒకటి సంచి లోపల, ఒకటి వెలుపల నుండవలెను.

విత్తుటకు పది పదునైదు దినములు ముందు, సంచిలో అడుగునుండియు నడుమనుండియు పైనుండియు తీసిన 100 గింజలను తడిపిన గోనెగుడ్డలో వరుసగా పఱచి, చుట్టి, నీడన ఉంచి, ఆరకుండ నీరు చల్లుచుండవలెను. పండ్రెండు దినములలో మొలచినవానిని లెక్కింపవలెను. 65 కు తక్కువ మొలచినచో ఆ గింజను విత్తక, వేఱు విత్తనము చూచికొనవలెను.